గ్యాస్ కట్టేశావా అని ఆయన అడిగిన ప్రతిసారీ నేను జవాబు చెప్పాలా?

గోపాలపట్నం కోడలు:

నమస్కారం అండీ. మా ఆయనకు ఇంకా నలభై రాలేదు. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో డాక్యుమెంట్లు చూసే పని. షిప్పింగ్ బిల్లులో ఒక్క అంకె తప్పినా సరుకు ఆగిపోతుంది కాబట్టి, ఏదైనా రెండుసార్లు చూసే మనిషని ఆఫీసులో ఆయనకు మంచి పేరే ఉంది. ఇంట్లో సంగతి వేరు.

రాత్రి పడుకోబోయే ముందు వంటింట్లోకి వెళ్తారు. రెగ్యులేటర్ ఆఫ్‌లో ఉందా, పొయ్యి నాబ్‌లు సరిగా తిప్పి ఉన్నాయా అని ఒక్కోదాన్నీ వేలితో తాకుతూ పైకి లెక్కపెడతారు. మధ్యలో పిల్లాడు పిలిచినా, ఫోను మోగినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మంచం ఎక్కాక ‘గ్యాస్ కట్టేశావా?’ అని నన్ను అడుగుతారు. కట్టేశానంటాను. కాసేపాగి ‘కట్టేశానని అనుకుంటున్నావా, కట్టేసినట్టు నిజంగా గుర్తుందా?’ అంటారు. నాకే అనుమానం వచ్చి లేచి వెళ్లి చూసిన రాత్రులున్నాయి.

పొద్దున ఆఫీసుకు బయల్దేరేటప్పుడు నాబ్‌ల ఫోటో తీసుకుంటారు. ఎన్ఏడీ జంక్షన్ చేరేలోపే ఆ ఫోటో ఈరోజుదా నిన్నటిదా అని అనుమానం. వీడియో కాల్ చేస్తారు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మిషను ఆపి, లేచి వెళ్లి పొయ్యి చూపించాలి.

2020 మే 7న తెల్లవారుజామున మా విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు మేం అక్కడికి దగ్గర్లోనే అద్దెకుండేవాళ్లం. పిల్లాణ్ని చంకనేసుకుని చీకట్లో పరుగెత్తాం. అంతకుముందు కూడా తాళం లాగి లాగి చూసే అలవాటు ఆయనకుంది. కానీ ఇంతగా పెరిగింది ఆ తర్వాతే.

ఒక డాక్టరు గారు ఓసీడీ అని, అంటే వద్దన్నా వచ్చే ఆలోచనతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బని చెప్పి, ఫ్లూవాక్సమిన్ అనే మందు రాశారు. కడుపులో తిప్పుతోందని, గుండె దడదడలాడుతోందని, రాత్రి నిద్ర లేదని కొద్దిరోజులకే మానేశారు. మా అత్తయ్య బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుకుని, చేతికి తాయెత్తు కట్టించారు. వాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్దామంటే మా తమ్ముడు ‘అక్కా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు’ అంటాడు.

అడగాలనుకున్నది ఇది. ఆయన అడిగినప్పుడు నేను జవాబు చెప్పాలా, వద్దా? చెప్తే కాసేపు నెమ్మదిస్తారు. చెప్పకపోతే ఒళ్లంతా చెమటలు పట్టి, గొంతు తడారిపోయి కూర్చుంటారు, నేను చూడలేను. ఇంతకీ ఇది టెన్షనా, ఓసీడీయా, రెండూ ఒకటేనా?

సీతమ్మధార రావు:

అమ్మా, ఇంత ఆలోచన ఎందుకు? ఇండక్షన్ స్టవ్ కొనేయండి. ఇంట్లో సిలిండరే లేకపోతే గ్యాస్ భయం ఎక్కడిది? అంతగా కావాలంటే గ్యాస్ లీకైతే మోగే అలారాలు దొరుకుతున్నాయి, ఒకటి పెట్టించండి. పొద్దున్నే లేచి బీచ్ రోడ్డులో నడిచి, కాసేపు ప్రాణాయామం చేయమనండి. మనసు ఖాళీగా ఉంటేనే ఇలాంటివి వస్తాయి.

ఆటోనగర్ టర్నర్:

రావు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. నడక మంచిదే, ప్రాణాయామమూ మంచిదే. కానీ పొయ్యి మార్చినంత మాత్రాన ఈ జబ్బు పోదండీ. సిలిండర్ పోతే ప్లగ్గు వస్తుంది. ఇండక్షన్ స్విచ్ తీశానా, వైరు వేడెక్కిందా అని మొదలవుతుంది. అలారం పెడితే దాని బ్యాటరీ పనిచేస్తోందా అని కుర్చీ వేసుకుని ఎక్కి చూస్తారు. మనసు ఖాళీగా ఉండటమంటారా, ఆ మనిషికి ఒక్క నిమిషం ఖాళీగా ఉంటే అదే పదివేలు.

చెల్లెమ్మా, నాకు ఓసీడీ ఉంది. గ్యాస్ కాదు, స్కూటర్.

గాజువాక ఆటోనగర్‌లో లేత్ మీద పని నాది. ఇల్లు కంచరపాలెం. పని అయ్యాక షీలానగర్, ఎన్ఏడీ, మర్రిపాలెం మీదుగా ఇంటికి రావాలి. దారిలో చక్రం ఏ గుంతలోనో పడి బండి కుదిపిందంటే చాలు, ‘అది గుంతేనా, మనిషినేమైనా గుద్దానా?’ అని తలలో మొదలయ్యేది. అద్దంలో చూస్తే ఏమీ కనిపించదు. అయినా పక్కకు పడిపోయి ఉంటే? బండి తిప్పుకుని ఆ గుంత దాకా వెళ్లి చూసేవాణ్ని. రోడ్డు మీద ఏమీ ఉండదు. హమ్మయ్య అని తిరిగొస్తుంటే, చూడ్డానికి వెళ్లే కంగారులో ఇంకెవరినైనా గుద్దానేమోనని ఇంకో అనుమానం. ఇంటికొచ్చి బండి ముందు మడ్‌గార్డ్ మీద టార్చి వేసి మరకలు వెతకడం. పొద్దున్నే పేపర్లో జిల్లా పేజీ తీసి రోడ్డు ప్రమాదాల వార్తలు చదవడం. మర్రిపాలెం దగ్గర ‘గుర్తు తెలియని వాహనం ఢీకొని’ అని ఎక్కడైనా కనిపించిందా, ఇక ఆరోజు పని లేదు, తిండి లేదు. పనిలో వెర్నియర్ పెట్టి మిల్లీమీటరులో యాభయ్యో వంతు తేడా పట్టుకునేవాణ్ని. నా కళ్లతో నేను చూసిన రోడ్డును మాత్రం నమ్మలేకపోయేవాణ్ని.

ఇంట్లోవాళ్లకు ముందుగా తెలియాల్సింది ఇది. పాడు ఆలోచన రావడం జబ్బు కాదు. రైలొస్తుంటే పట్టాల మీదికి దూకితే ఎలా ఉంటుంది, చేతిలో కత్తితో పక్కవాణ్ని పొడిస్తే ఏమవుతుంది లాంటివి మామూలు మనుషుల్లో చాలామందికి వస్తాయి. 1978లోనే రాక్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు లండన్‌లో దీన్ని పరిశీలించి రాశారు. మిగతావాళ్లు ‘ఛీ, ఇదేం ఆలోచన’ అనుకుని ఉల్లిపాయలు తరగడంలో పడిపోతారు. మాలాంటివాళ్లు ఆ ఆలోచనను హెచ్చరికగా తీసుకుంటాం. ఏదైనా జరిగితే పూచీ నాదే కదా, చూడకుండా ఎలా వదిలేస్తాను అనుకుంటాం. చూస్తాం. కాసేపు హాయిగా ఉంటుంది. ఆ కాసేపే మమ్మల్ని ముంచేది. చూస్తేనే భయం పోతుందని బుర్రకు అలవాటైపోతుంది.

మీ ఆయన విషయంలో ఇంకో సంగతి ఉంది. డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను నోరెళ్లబెట్టాను. 2003లో నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కింట్ అనేవాళ్లు ఏ జబ్బూ లేని వాళ్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద కనిపించే గ్యాస్ పొయ్యిని తిప్పించి, కట్టించి, మళ్లీ మళ్లీ సరిచూడమన్నారు. తర్వాత అడిగితే ఏ నాబ్‌లు చూశారో సరిగానే చెప్పారు, జ్ఞాపకం ఏమీ చెడలేదు. కానీ ఆ జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం పోయింది. సరిగ్గా గ్యాస్ పొయ్యే చూడండి! ఎన్నిసార్లు చూస్తే అంత అనుమానం పెరుగుతుందన్నమాట. ఫోటో తీసుకుని కూడా ఇది నిన్నటిదేమో అని మీ ఆయన అడగడంలో వింతేమీ లేదు. మీకే అనుమానం వచ్చి లేచి చూశారు కదా, అది కూడా ఇదే.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. మీరు ‘కట్టేశాను’ అని చెప్పినప్పుడల్లా ఆయన తరఫున మీరు పొయ్యి చూసి పెడుతున్నట్టే. మా ఆవిడా అంతే చేసేది. ‘లేదండీ, ఎవరినీ గుద్దలేదు, మీరు జాగ్రత్తగానే నడుపుతారు’ అని నా తల నిమిరి చెప్పేది. ప్రేమతోనే చెప్పేది. అది డైలీ ఫైనాన్స్‌ వాడికి రోజూ వడ్డీ కట్టడం లాంటిది, వాడు ఆ పూటకు వెళ్తాడు గానీ అసలు తగ్గదు. కాబట్టి ఆ జవాబు మానేయాలి. అలాగని రేపు రాత్రి మంచం మీద హఠాత్తుగా మొహం తిప్పేసుకోకండి. అలా చేస్తే ఆయనకు జబ్బుతోపాటు మీ కోపం కూడా భరించాల్సి వస్తుంది.

పగటిపూట, ఆయన మామూలుగా ఉన్నప్పుడు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఏ మాట అనాలో ముందే ఒప్పందం చేసుకోండి. మా ఇంట్లో మాట ఇది: ‘అది జబ్బు అడుగుతున్న ప్రశ్న. దానికి జవాబు చెప్పకూడదనుకున్నాం కదా. భయంగా ఉందని తెలుస్తోంది, నేనిక్కడే ఉన్నాను.’ అంతే. వాదించకూడదు, పొయ్యి గురించి ఋజువులు చూపించకూడదు, ఎగతాళి అసలే వద్దు. ముందు వీడియో కాల్ మానండి, తర్వాత రాత్రి రెండో ప్రశ్న, ఆ తర్వాత మొదటిది. ఒక్కొక్కటే.

ఆయన వైపు నుంచి జరగాల్సిన వైద్యాన్ని ఈఆర్‌పీ అంటారు. భయపెట్టేదాని ఎదుటికి కావాలని వెళ్లడం, వెళ్లాక అలవాటైన తంతు చేయకుండా ఉండటం. సైకాలజిస్టు నాతో ఒక పట్టీ రాయించారు. ఒక్కోదానికి భయం సున్నా నుంచి వందలో ఎంత అని అంకె వేయాలి. పగలు ఖాళీ రోడ్డు మీద వెళ్లడం అడుగున ఉంది. రాత్రి వానలో, బస్టాపుల పక్కగా జనంలోంచి వెళ్లడం పైన ఉంది. కింది నుంచి మొదలుపెట్టాం. వెనక్కి తిప్పకూడదు, మడ్‌గార్డ్ చూడకూడదు, జిల్లా పేజీ తీయకూడదు, ఆవిడను అడగకూడదు. పైగా ఒక కాగితం మీద ‘నేను ఎవరినైనా గుద్ది ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నాకు ఎప్పటికీ ఖాయంగా తెలియకపోవచ్చు’ అని రాసి గట్టిగా చదవాలి. మొదటిసారి రాసేటప్పుడు పెన్ను కదల్లేదు. పోలీసులకు ఒప్పుకోలు పత్రం రాసిస్తున్నట్టే అనిపించింది.

భయం పెరిగింది, చాలాసేపు అలాగే ఉంది, తర్వాత నేనేమీ చేయకుండానే దిగింది. కొన్ని రోజులు దిగలేదు కూడా. భయంతోనే అన్నం తిని, భయంతోనే పడుకున్నాను, తెల్లారింది. మా సైకాలజిస్టు అది ఫెయిలవడం కాదన్నారు. భయం ఉన్నా బతుకు నడుస్తుందని తెలియడమే కావాల్సిందట.

గ్యాస్ విషయంలో ఈఆర్‌పీ అంటే పొయ్యి తెరిచి పెట్టి పడుకోవడం అనుకునేరు, కాదు. మామూలు ఇంట్లోవాళ్లు ఎలా చేస్తారో అలా. ఒకసారి కట్టి, ఒకసారి చూసి, వెళ్లిపోవడం. రెండోసారి వెళ్లకపోవడమే వైద్యం.

మా చిన్నప్పుడు మా వీధిలో ఒకావిడ మడి పేరుతో రోజుకు గంటలకొద్దీ నీళ్లు పోసుకునేది. చేతులు తెల్లగా పాలిపోయి, చర్మం లేచిపోయి ఉండేవి. అందరూ ఆవిడ నిష్ఠను మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆ చేతులు గుర్తొస్తే అడగాలనిపిస్తుంది, ఒక్కరికైనా డాక్టరుకు చూపిద్దామని ఎందుకు తోచలేదో.

రాత్రి డ్యూటీ నర్సు:

టర్నర్ అన్నయ్య దాదాపు అంతా చెప్పేశారు. నేను సైకియాట్రీ వార్డులో పని చేస్తాను కాబట్టి మందుల గురించి చెప్తాను అక్కా. ఇది మీ డాక్టరు గారి మాటకు బదులు మాత్రం కాదు.

ముందు ఒక ప్రశ్న. మీవారు కాఫీ ఎంత తాగుతారు? ఫ్లూవాక్సమిన్ వేసుకుంటే ఒంట్లో కెఫీన్ విరగడం బాగా నెమ్మదిస్తుంది. ఒక కప్పు కాఫీ ప్రభావం చాలాసేపు ఉండిపోతుంది. గుండె దడ, వణుకు, నిద్ర పట్టకపోవడంలో కొంత కాఫీ పుణ్యమే అయ్యుండొచ్చు. కడుపులో తిప్పడం మొదట్లో చాలామందికి ఉంటుంది, క్రమంగా తగ్గుతుంది. ఈ రెండూ డాక్టరుకు చెప్తే డోసు నెమ్మదిగా పెంచడమో, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సిటిన్ లాంటి ఇంకోటి ఇవ్వడమో చేస్తారు. సొంతంగా ఆపేయడం, మళ్లీ మొదలుపెట్టడం వద్దు.

ఓసీడీకి ఈ మందులు డిప్రెషన్‌లో ఇచ్చేదానికన్నా ఎక్కువ డోసులో కావలసి వస్తాయి తరచుగా. సెర్ట్రాలిన్ 200 మిల్లీగ్రాముల దాకా వెళ్తుంది. పనిచేస్తోందో లేదో తేలడానికి సరైన డోసులో 10 నుంచి 12 వారాలు పట్టొచ్చు. తగ్గాక కూడా ఏడాదో రెండేళ్లో కొనసాగించి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. కొందరికి ఇంకా ఎక్కువకాలం కావాలి. అల్ప్రాజోలమ్, క్లోనాజెపామ్ లాంటివి మందుల షాపువాడు ఇస్తే తెచ్చుకోకండి. అవి ఆ పూటకు గాభరా తగ్గిస్తాయి, అలవాటు పడిపోతారు, ఓసీడీ ఉన్నచోటే ఉంటుంది.

టెన్షన్, ఓసీడీ ఒకటేనా అన్నారు. ఒకప్పుడు యాంగ్జైటీ జబ్బుల్లోనే కలిపేవాళ్లు. 2013లో అమెరికన్ సైకియాట్రిస్టులు మానసిక జబ్బులను వర్గీకరించే పుస్తకం డీఎస్ఎం-5 ఓసీడీని విడిగా పెట్టింది. రెండూ కలిసి ఉండటం మామూలే. ఎప్పుడూ డబ్బు, ఆరోగ్యం, పిల్లల చదువు, ఇలా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి నెలల తరబడి దిగులు పాకుతుంటే అది జనరలైజ్డ్ యాంగ్జైటీ. ఉన్నట్టుండి కొన్ని నిమిషాల్లో గుండె దడ, ఊపిరాడకపోవడం, చచ్చిపోతున్నానన్న భయం వస్తే పానిక్. ఎంత వద్దనుకున్నా పోని ఒక ఆలోచన, దాన్ని అణచడానికి చేసి తీరాల్సిన తంతు ఉంటే ఓసీడీ. ఎంత తీవ్రంగా ఉందో చూడటానికి వైబాక్స్ అని 40 మార్కుల ప్రశ్నావళి ఉంది, అందులో పరీక్షల్లోలా కాదు, ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ జబ్బు. మీరు చెప్పినదాంట్లో గ్యాస్ లీకు రాత్రి కూడా ఉంది కాబట్టి, ఆ రాత్రి కలల్లోకి వస్తోందా, ఆ దారిలో వెళ్లడానికి భయపడుతున్నారా అన్నది కూడా డాక్టరుకు చెప్పండి. అది పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం చూశాక మనసులో ఉండిపోయే భయం) వైపు వెళ్తే వైద్యంలో తేడా ఉంటుంది.

వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు ఓపీకి వచ్చేవాళ్లు బ్యాంకు ఉద్యోగులు, కాలేజీ పిల్లలు, బాలింతలు, అందరూ ఉంటారక్కా. మీ తమ్ముడికి తెలిసినవాళ్లు అక్కడ కనిపిస్తే వాళ్లూ చూపించుకోవడానికే వచ్చి ఉంటారు. బయట సైకాలజిస్టు దగ్గరకు వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా, ఈఆర్‌పీ చేస్తారా అని ముందే అడగండి. ఊరికే మాట్లాడి ధైర్యం చెప్పి పంపే కౌన్సెలింగ్ ఓసీడీకి సరిపోదు. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే, చనిపోవాలనిపిస్తోందన్న మాట వస్తే మరీ ముఖ్యంగా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆరోగ్య బీమా ఉంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శరీరానికి వచ్చే జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. పాలసీ కాగితంలో ఏముందో మాత్రం చూసుకోండి.

గోపాలపట్నం కోడలు:

రోజుకు ఎన్ని కాఫీలో నేను లెక్కపెట్టలేదు చెల్లీ. ఆఫీసులో కాఫీ, ఇంట్లో కాఫీ, మధ్యలో టీ. ఆ సంగతి ఏ డాక్టరూ అడగలేదు, మాకూ తెలియదు.

ఇవన్నీ ఆయనకు చూపించాను. కోపం వస్తుందనుకున్నాను. స్కూటర్ సంగతి చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట ఏంటో తెలుసా అన్నయ్యా? ‘ఇంతకీ ఆయన నిజంగా ఎవరినీ గుద్దలేదని తేలిందా?’ అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయనకూ నవ్వొచ్చింది, కానీ జవాబు కావాలనే అడిగారు.

వచ్చే వారం సెలవు పెట్టి వాల్తేరు వెళ్దామన్నారు. ఆయనే అన్నారు. వీడియో కాల్ మానడానికి ఒప్పుకున్నారు, రాత్రి ప్రశ్నకు ఇంకా ఒప్పుకోలేదు. అత్తయ్యకు ఏం చెప్పాలో తెలియడం లేదు. తాయెత్తు తీసేయమంటే గొడవ అవుతుంది.

ఆటోనగర్ టర్నర్:

మీ ఆయనకు చెప్పండి, తేలలేదు. తేలదు కూడా. నేను రోజూ అదే రోడ్డు మీద అదే స్కూటర్ మీద వస్తున్నాను. ఆయన ఇంకోసారి అడిగితే నేనూ ఇంకేమీ చెప్పను, ఇప్పుడే మొదలుపెడదాం.

వెళ్లేముందు ఒక కాగితం మీద రాసుకోమనండి. ఏమేం చూస్తున్నారు, ఎంతసేపు, ఎవరిని అడుగుతున్నారు, ఏ పనులు మానేశారు. డాక్టరు ముందు కూర్చున్నాక సిగ్గుతో సగం చెప్పరు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నిద్ర పట్టడం లేదని మాత్రమే చెప్పి వచ్చాను, నిద్రమాత్రలే ఇచ్చారు. మీరూ లోపలికి వెళ్లండి.

అత్తయ్యగారితో గొడవ పడకండి. మొక్కు తీర్చుకోనివ్వండి, తాయెత్తు ఉండనివ్వండి. దానికీ మందుకీ పోటీ పెట్టకండి. గ్యాస్ గుర్తొచ్చినప్పుడల్లా మీ ఆయన ఆ తాయెత్తు ముట్టుకుని చూసుకోవడం మొదలుపెడితే మాత్రం, అది కూడా ఆ కాగితం మీద రాయండి.